డీజే పెట్టినోడికా బిల్లు, వంద నంబరుకి ఫోను చేసినోడికా?

పోలీసు రావాలంటే డబ్బు ఖర్చవుతుందన్న సంగతి మన వాడలకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫిర్యాదు రాయడానికి తెల్లకాగితాలు మనమే కొనుక్కుని స్టేషనుకి పోవాలి. జీపు ఊళ్ళోకి రావాలంటే డీజిలు మనమే పోయించాలి. వచ్చిన నలుగురికీ చాయలు, సిగరెట్లు మనమే తేవాలి. పంచనామా రాసే నాటికి కోడి కూడా కొయ్యాలి. దెబ్బ తిన్నోడే పోలీసు ఖర్చు భరించాలన్నది ఏ అసెంబ్లీలోనూ పాసు కాని చట్టం. అయినా మన పల్లెల్లో అది అమలైనంత ఖచ్చితంగా ఇంకో చట్టం అమలు కాదు.

ఇప్పుడు పట్నాల్లో చదువుకున్నోళ్ళు ఒక మాట అడుగుతున్నారు. ఎవడో ఒకడు తన ఇంట్లోనో తోటలోనో దావత్ పెట్టుకుని, రాత్రి రెండింటి దాకా డీజే మోగించి, తాగి కొట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళకి కంటిమీద కునుకు లేకుండా చేస్తాడు. దాన్ని ఆపడానికి పోలీసు బండి రెండుసార్లు, మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. ఆ ఖర్చు ఊరందరి పన్నుల్లోంచి ఎందుకు పోవాలి, దావత్ పెట్టినోడి దగ్గరే వసూలు చెయ్యొచ్చు గదా అని. మంచి ప్రశ్నే. మేము అవుననే అంటాం. ఐతే ఎవరి మీద, ఎంత, ఎవరి చేతికి అన్నవి తేల్చకుండా అవునని ఊరుకుంటే, రేపు ఆ బిల్లు పట్టుకుని కానిస్టేబులు వచ్చేది మన గడపకే. అందుకే దీని గురించి కొంచెం తీరిగ్గా మాట్లాడుకోవాలి.

ఫాంహౌసు గోడ అవతల

హైదరాబాదుకి పడమర దిక్కున మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు ఒక శనివారం రాత్రి పోయి చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళు చెడిపోకూడదని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో పెద్ద హోటళ్ళూ, కాలనీలూ, కాలుష్యం చేసే ఫ్యాక్టరీలూ వద్దన్నారు. ఆ జీవో నీడలోనే ఫాంహౌసులు లేచాయి. నీళ్ళకి కాపలా పెట్టిన చట్టం నిద్రకి కాపలా కాయలేదు. ఎత్తయిన గోడ, దాని వెనక ఈతకొలను, పచ్చిక, స్పీకర్లు. గోడకి ఇవతల రేకుల ఇళ్ళు. తెల్లారి కూలికి పోవాల్సిన ఆడవాళ్ళు, పరీక్షలున్న పిల్లలు, గుండెజబ్బు ముసలాళ్ళు. ఆ రేకులు స్పీకరు దెబ్బకి అదురుతుంటే లోపల పడుకున్న మనిషి ఛాతీ కూడా అదురుతుంది. గేటు దగ్గర వాచ్‌మెన్ మన వాడ పిల్లోడే. తిన్న ప్లేట్లు తీసేదీ, తెల్లారి సీసాలు ఏరేదీ మన ఆడోళ్ళే. కొన్నిచోట్ల ఆ గోడ కింద ఉన్న భూమి కూడా ఒకప్పుడు మనకిచ్చిన అసైన్‌మెంటు భూమే. 1977 చట్టం అమ్మకూడదు, కొనకూడదు అన్నా చేతులు మారిన భూమి. అది వేరే కథ, ఇంకోసారి రాసుకుందాం.

వంద నంబరుకి ఫోను చేస్తారు. అవతల నుంచి మొదటి ప్రశ్న ఏమిటి? శబ్దం ఎంత ఉంది అని కాదు. "ఎవరి ఫాంహౌసు?" పేరు చెప్పగానే గొంతు మారుతుంది. బండి వస్తుంది, గేటు దగ్గర ఆగుతుంది, లోపల్నించి ఒక పెద్దమనిషి వచ్చి భుజం మీద చెయ్యేస్తాడు, బండి తిరిగిపోతుంది. పావుగంట సౌండు తగ్గుతుంది. మళ్ళీ మొదలు. మళ్ళీ ఫోను. మూడోసారి ఫోను చేసినోడికే "ఏరా, నీకు నిద్ర పట్టకపోతే మేమేం చెయ్యాలి, నీ పేరేంది, నీ ఇల్లెక్కడ?" అని ఎదురు ప్రశ్నలు.

అదే మన వాడలో పెళ్ళి ఐతే? పది దాటి పావుగంట కాకముందే జీపు వచ్చి నిలబడుతుంది. ఎవరి ఇల్లని అడగరు. డప్పు గుంజుకుంటారు, స్పీకరు డబ్బా బండిలో వేస్తారు, పెళ్ళికొడుకు బాబాయిని రాత్రంతా స్టేషను వరండాలో కూర్చోబెడతారు. పొద్దున్నే వదలాలంటే రసీదు లేని జరిమానా. కాబట్టి దావత్ పెట్టినోడి దగ్గర పోలీసు ఖర్చు వసూలు చెయ్యడమనే పద్ధతి మన దేశంలో లేదని ఎవరైనా అంటే మేము నమ్మం. ఉంది. రసీదు లేదు, అంతే.

చట్టంలో ఉన్నదేమిటి?

2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాలు ఏం చెబుతున్నాయో ప్రతి సంఘం కార్యకర్తకీ నోటికి రావాలి. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. అప్పుడు మైకు, వాయిద్యం, సౌండు పెట్టె ఏదీ బయట మోగకూడదు. మూసిన హాల్లో ఐతే వేరు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా పన్నెండింటి దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్దం ఉండాలి. సొంత జాగాలో పెట్టుకున్న సౌండు కూడా హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితికి 5 డెసిబెళ్ళు మించకూడదు. అంటే "నా గోడ లోపల నా ఇష్టం" అనే దొర మాట చట్టం ముందు చెల్లదు. గోడ దాటి వచ్చిన శబ్దం అవతలోడి ఇంట్లోకి చెప్పకుండా చొరబడ్డట్టే. 2005లో సుప్రీంకోర్టు కూడా ఇదే ధోరణిలో గట్టి తీర్పు ఇచ్చింది. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని ఉత్తర్వు వేశారు. రోడ్డు మీద ఊరేగింపుని ఆపే ఉత్తర్వు త్వరగానే వస్తుంది. గోడ లోపలి ఈతకొలను దగ్గరికి చేరడానికే దానికి కాళ్ళు రావు.

ఇక శిక్ష చూద్దాం. పాత పీనల్ కోడులో పబ్లిక్ న్యూసెన్సుకి జరిమానా 200 రూపాయలు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షనులో అది 1,000 దాకా పెరిగింది. ఒక్క రాత్రికి డీజేకే వేలకి వేలు పోసేవాడికి వెయ్యి రూపాయలు ఒక లెక్కా? వాడికది టిప్పు. అదే వెయ్యి మన కూలి మనిషికి రెండు మూడు రోజుల కష్టం. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఐతే ఇప్పుడు పది వేల నుంచి 15 లక్షల దాకా వెయ్యొచ్చు. కానీ రాత్రి పూట గేటు దగ్గర నిలబడ్డ కానిస్టేబులుకి ఆ సెక్షను గుర్తుకొస్తుందా?

కాబట్టి జరిమానా అనేదొకటి ఉండగా, పోలీసు రాకపోకల ఖర్చు వేరే ఎందుకు అనేవాళ్ళకి మా జవాబు ఇదే. జరిమానా తప్పుకి. ఖర్చు వేరు. ఒక స్టేషనులో రాత్రి డ్యూటీకి ఉండేది ఒకటో రెండో బండ్లు. ఆ బండి ఫాంహౌసు గేటుకీ స్టేషనుకీ మధ్య మూడుసార్లు తిరుగుతున్న టైములో, పక్క తండాలో మొగుడు గొడ్డలెత్తాడని ఒక ఆడమనిషి ఫోను చేస్తే పోవడానికి బండి ఉండదు. ఆ బండి డీజిలు, ఆ కానిస్టేబులు జీతం ఎక్కడివి? అగ్గిపెట్టె కొన్నా సబ్బు కొన్నా మనం కట్టే పన్నువి. మన మగాళ్ళు తాగి తగలేసే క్వార్టరు సీసా మీద సర్కారు గుంజుకునే డబ్బువి. మన డబ్బుతో నడిచే బండి మన నిద్ర చెడగొట్టేవాడి గేటుకి కాపలా కాస్తోంది.

అమెరికా వాళ్ళ అనుభవం

ఈ పద్ధతి అమెరికాలో చాలా ఊళ్ళలో ఉంది. కాలిఫోర్నియాలో బర్క్లీ అనే యూనివర్సిటీ ఊళ్ళో విద్యార్థుల పార్టీల గోల ఎక్కువ. అక్కడ పోలీసులు మొదటిసారి వచ్చినప్పుడు తలుపు మీద నోటీసు అతికించి పోతారు. ఆ నోటీసు గడువు లోపల మళ్ళీ రావాల్సి వస్తే బిల్లు పడుతుంది. మళ్ళీ మళ్ళీ ఐతే అది వందల డాలర్ల నుంచి వేలల్లోకి పోతుంది. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి బిల్లు. ఈ భాగం మాకు నచ్చింది.

కానీ అదే దేశంలో ఇదే ఆలోచన ఇంకోవైపు ఎలా తిరిగిందో చూడండి. మిల్వాకీ నగరంలో పోలీసులకి ఎక్కువ ఫోన్లు వచ్చే ఇంటిని "న్యూసెన్సు ఇల్లు" అని రాసి, ఇంటి యజమానికి పోలీసు ఖర్చు వేస్తామని నోటీసులిచ్చేవాళ్ళు. మాథ్యూ డెస్మండ్, నికోల్ వాల్డెజ్ అనే పరిశోధకులు ఆ నోటీసులన్నీ తీసి చదివారు. నల్లవాళ్ళ పేటల్లోని ఇళ్ళకే అవి ఎక్కువ పడ్డాయి. దాదాపు మూడో వంతు నోటీసులకి మూలం ఇంట్లో ఆడవాళ్ళని కొట్టడం. అంటే దెబ్బలు తిన్న ఆడమనిషి కాపాడమని ఫోను చేస్తే, ఆ ఫోనునే న్యూసెన్సు కింద లెక్కేశారు. యజమానులు ఏం చేశారు? ఎక్కువమంది ఆమెనే ఖాళీ చెయ్యమన్నారు, లేదా ఖాళీ చేయిస్తామని బెదిరించారు.

పెన్సిల్వేనియాలో నోరిస్‌టౌన్ అనే ఊళ్ళో నాలుగు నెలల్లో మూడుసార్లు పోలీసుల్ని పిలిస్తే ఇంటి యజమాని లైసెన్సే పోతుందని నియమం పెట్టారు. అక్కడ ఒక నల్లజాతి తల్లి, 2012లో పాత స్నేహితుడు గాజుముక్కతో మెడ మీద పొడిస్తే, రక్తం కారుతూ కూడా పోలీసుకి ఫోను చెయ్యొద్దని పక్కింటివాళ్ళని బతిమాలింది. ఇల్లు పోతుందని భయం. చివరికి ఆమె కోర్టుకి పోయి పోరాడితే 2014లో ఆ ఊరు 4,95,000 డాలర్లు ఇచ్చి రాజీ పడింది. ఆ నియమం పోయింది.

ఇది చదువుతుంటే మన వాడలో పెద్దమ్మలు అనే మాట గుర్తొస్తుంది, "పోలీసోళ్ళని పిలిస్తే ఉన్నది కూడా పోతదిరా" అని. సముద్రాలు దాటినా ఆ భయం ఒక్కటే. కాబట్టి మా మొదటి షరతు దీంట్లోంచే వస్తుంది. పిలిచినోడి మీద, పిలిచిన ఆడమనిషి మీద ఎప్పుడూ బిల్లు పడకూడదు. ఎన్నిసార్లు పిలిచినా సరే.

ఎదురుదాడి చేసినోడి ఖర్చు ఎవరిది?

ఇంకో కథ ఉంది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాం, ఎందుకంటే మనకి అసలు ప్రమాదం ఇక్కడే.

జార్జియా రాష్ట్రంలో ఫోర్సైత్ అనే కౌంటీ ఉంది. 1912లో అక్కడి తెల్లవాళ్ళు వెయ్యిమందికి పైగా నల్లవాళ్ళని ఊళ్ళలోంచి తరిమేశారు. భూములు పోయాయి, చర్చిలు కాలాయి. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకి పైగా అక్కడ నల్లవాళ్ళు దాదాపు లేరు. (ఇప్పుడు అదే కౌంటీలో మన తెలుగు సాఫ్ట్‌వేరు కుటుంబాలు బోలెడన్ని కాపురముంటున్నాయి. తాము కొనుక్కున్న నేల చరిత్ర వాళ్ళలో ఎంతమంది చదివారో!) 1987 జనవరిలో హోసియా విలియమ్స్ నాయకత్వంలో కొద్దిమంది పౌరహక్కుల కార్యకర్తలు అక్కడ ఊరేగింపు తీస్తే కూ క్లక్స్ క్లాన్ మూక రాళ్ళతో పడింది. వారం తిరక్కుండా ఇరవై వేలమంది దాకా మళ్ళీ నడిచారు. ఆ రెండో ఊరేగింపుకి మూడువేలకి పైగా పోలీసులు, జాతీయ గార్డులు కాపలా. ఖర్చు 6,70,000 డాలర్లు దాటింది.

వెంటనే కౌంటీ వాళ్ళు ఒక నియమం చేశారు. ఇకనుంచి ఊరేగింపు తీసేవాళ్ళే కాపలా ఖర్చులో భాగం కట్టాలి, రోజుకి వెయ్యి డాలర్ల దాకా, ఎంతన్నది అధికారి ఇష్టం. చూశారా తెలివి? రాళ్ళు వేసినోడిది గాదు ఖర్చు, రాళ్ళు తిన్నోడిది. ఈ నియమం 1992లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. విచిత్రమేమిటంటే కోర్టుకి పోయింది నల్లవాళ్ళు కారు, వాళ్ళ శత్రువులైన తెల్లజాతి దురహంకార సంస్థ. వాళ్ళకి కూడా ఆ ఫీజు తగిలింది మరి. కోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, ఆ నియమాన్ని కొట్టేసింది. చూసేవాళ్ళకి ఎంత కోపం వస్తుందో లెక్కగట్టి, ఆ కోపం ఖర్చు మాట్లాడేవాడి నెత్తిన వెయ్యకూడదన్నది దాని సారాంశం. తెచ్చినోడు మన శత్రువుల్లాంటోడే ఐనా సూత్రం మనకి పనికొస్తుంది, తీసుకుందాం.

ఇప్పుడు మన దేశానికి రండి. 2018 జూలైలో ఉత్తరప్రదేశ్ కాస్‌గంజ్ జిల్లా నిజాంపూరులో ఒక దళిత పెళ్ళికొడుకు ఠాకూర్ల వీధి మీదుగా ఊరేగింపు తీయడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాడు. ఆఖరికి వందమందికి పైగా పోలీసుల నడుమ ఆ ఊరేగింపు నడిచింది. 2022లో రాజస్థాన్ బూందీ జిల్లా పోలీసులు "ఆపరేషన్ సమానత" అని పేరు పెట్టి దళిత పెళ్ళికొడుకుని గుర్రం మీద ఊరేగించారు. పెళ్ళి సొంత వేడుకే గదా? పోలీసులు వచ్చారు గదా? గొడవ అవుతుందనే వచ్చారు గదా? "గొడవయ్యే వేడుకకి పోలీసు ఖర్చు వేడుక చేసినోడిదే" అని గుడ్డిగా రాసిన నియమం ఉంటే, ఆ వందమంది పోలీసుల బిల్లు ఆ పెళ్ళికొడుకు తండ్రికి పోయేది! ఠాకూర్లు ఎంత ఎక్కువ బెదిరిస్తే అంత ఎక్కువ బిల్లు. గుర్రమెక్కాలంటే ముందు అప్పు ఎక్కాలి.

మన దగ్గరా అంతే. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి మన ఊరేగింపు పెద్ద వీధి ముందు నుంచి పోతుందంటే ఎస్సై ముందురోజు పిలిచి ఏమంటాడు? "లా అండ్ ఆర్డర్ సమస్య, మీ వల్ల మాకు బందోబస్తు ఖర్చు" అంటాడు. సమస్య మన వల్ల వచ్చిందా, మనం నడిస్తే ఓర్వలేనోడి వల్ల వచ్చిందా? పైగా కాపలా ఉన్నా ఏమవుతుందో చుండూరు చూపించింది. 1991 ఆగస్టు 6న ఊళ్ళో పోలీసు పికెట్ ఉండగానే ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి నరికారు. ఆ కాపలాకి మనం బిల్లు కూడా కట్టాలా?

కాబట్టి రెండో షరతు. శబ్దం చేసి, దెబ్బలాడి, పక్కవాళ్ళని బాధపెట్టి పోలీసుల్ని రప్పించినోడు కట్టాలి. తన దారిన తాను పోతుంటే ఎదురొచ్చి కొట్టినోడి వల్ల పోలీసులు వస్తే, ఆ కొట్టినోడు కట్టాలి. ఈ తేడా నియమంలో అక్షరాలా రాసి ఉండాలి. ఎస్సై విచక్షణకి వదిలితే ఆ విచక్షణ ఎటు మొగ్గుతుందో మనకి తెలుసు.

ఊరందరికీ ఒకే బిల్లు

పోలీసు ఖర్చు జనం మీద వేసే ఆలోచన తెల్లదొరలదే. 1861 పోలీసు చట్టం 15వ సెక్షనులో, కల్లోలిత ప్రాంతమని ప్రకటించిన చోట అదనపు పోలీసుల్ని దింపి ఖర్చు అక్కడి జనం నుంచి వసూలు చెయ్యొచ్చని రాసుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత రాజస్థాన్ ప్రభుత్వం ఝుంఝునూ జిల్లాలో 24 గ్రామాల మీద దీన్ని ప్రయోగించింది. బందిపోట్లకి ఆశ్రయమిస్తున్నారని ఆరోపణ. ఐతే ఆ ఊళ్ళలో హరిజనులకీ (వాళ్ళు వాడిన మాట అది, మాది కాదు) ముస్లింలకీ ఆ ఖర్చు నుంచి మినహాయింపు ఇచ్చింది. కేసు సుప్రీంకోర్టుకి పోయింది. 1960లో కోర్టు, కులం మతం చూసి మినహాయించడం రాజ్యాంగం 15(1) అధికరణానికి విరుద్ధమని ఆ మినహాయింపుని కొట్టేసింది. మిగతా కులాల్లో కూడా బుద్ధిగా బతికేవాళ్ళు ఉంటారు గదా అన్నది తర్కం.

ఆ తర్కాన్ని మేము పూర్తిగా తోసెయ్యం. కులం చూసి మాఫీ చెయ్యమని మేము అడగడంలేదు. చేసిన పని చూసి బిల్లు వెయ్యమంటున్నాం. కానీ ఊరంతటికీ కలిపి వేసే బిల్లులో బందిపోటుకి అన్నం పెట్టిన ఆసామీ, ఆ ఆసామీ దగ్గర పాలేరుతనం చేసే మాదిగ ఒకే వరసలో నిలబడతారు. సమానత్వం పేరు మీద జరిగే అసమానత్వం అంటే ఇదే.

దీనికి మారుమందు లాంటిది తర్వాత వచ్చింది. 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంలో 10ఎ సెక్షను చేర్చారు. అంటరానితనం నేరంలో పాలుపంచుకున్న, దానికి కొమ్ముకాసిన ఊరి జనం మీద ప్రభుత్వం సామూహిక జరిమానా వెయ్యొచ్చు, ఎవరి తాహతు ఎంతో చూసి పంచొచ్చు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 16వ సెక్షను అదే అధికారాన్ని అత్యాచారాల విషయంలో కూడా ఇచ్చింది. "తాహతు చూసి" అన్న ముక్కని గట్టిగా పట్టుకోండి. ఫాంహౌసు యజమానికీ రేకుల షెడ్డు మనిషికీ ఒకే వెయ్యి రూపాయలు వెయ్యడం తప్పని చెప్పడానికి చట్టంలోనే దారి ఉంది. సంఘ బహిష్కారం చేసిన ఊరి మీద ఈ సెక్షను వెయ్యమంటే ఆఫీసర్లు చట్టం పుస్తకం మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెడతారు. మన కార్యకర్తలు ఇక నుంచి ప్రతి వినతిపత్రంలో ఈ సెక్షను నంబరు రాయాలి.

పెద్దోళ్ళకి మాఫీ

కట్టగలిగినోళ్ళ దగ్గర వసూలు చెయ్యడం ఎలా ఉంటుందో కూడా చూశాం. క్రికెట్ మ్యాచీలకి పోలీసు బందోబస్తుకి ఫీజు ఉంది. కోట్లు గడించే ఆట అది. ముంబయిలో ఆ ఫీజులు ఏళ్ళ తరబడి బకాయి పడ్డాయి. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఫీజునే వెనక్కి 2011 నుంచి వర్తించేలా తగ్గించేసింది. 2024లో బొంబాయి హైకోర్టు ఇదేం పద్ధతని నిలదీసింది. చెరువు శిస్తు బాకీ పడ్డ రైతుకి ఇలాంటి దయ ఎవరైనా చూపించారా?

కేరళలో కన్నూరు జిల్లాలో 2022లో ఇంకో వింత. డబ్బున్నోడి ఇంట్లో పెళ్ళికి నలుగురు కానిస్టేబుళ్ళని మనిషికి 1,400 చొప్పున ఫీజు కట్టించుకుని పంపారు. మేము పెళ్ళిళ్ళలో అలంకారంగా నిలబడే బొమ్మలమా అని పోలీసు సంఘాల వాళ్ళే గోల చేశారు. వాళ్ళ గోల న్యాయమైనదే. డబ్బు కట్టగానే పోలీసు కిరాయి మనిషి కాకూడదు. బిల్లు కట్టాను గాబట్టి రాత్రంతా మోగిస్తానని ఫాంహౌసు దొర అనకూడదు. అందుకని బిల్లుతో పాటు సౌండు పెట్టెలు ఆపడం, తీసుకుపోవడం తప్పకుండా జరగాలి. బిల్లు అనుమతి చీటీ అయిందంటే ఇంతా చేసి ఏం లాభం?

ఇక ఎవరి చేతికి కట్టాలన్నది. స్టేషనులో ఎస్సై చేతికి మాత్రం వద్దే వద్దు. అక్కడ కట్టే ప్రతి రూపాయి మామూలు అయిపోతుంది, మామూలు కట్టలేనోడికి కేసు అవుతుంది. పోలీసు వచ్చిన టైము, వెళ్ళిన టైము, ఏం చూసిందీ రాసి పంపాలి. బిల్లు తేల్చేది తహసీల్దారో మేజిస్ట్రేటో అయి ఉండాలి. కట్టించుకునేది బ్యాంకులో చలానా మీద. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు ఉండాలి. చలానా కాగితం లేకుండా అడిగే డబ్బుకి లంచం అనే పేరే ఉంది, వేరే పేరు పెట్టక్కర్లేదు.

మన డీజేల సంగతి

ఇవన్నీ ఒప్పుకుంటే మన వాడల పెళ్ళిళ్ళకి కూడా ఇదే నియమం వర్తిస్తుంది. వర్తించాలి కూడా. ఒకప్పుడు మన పెళ్ళంటే మన డప్పు. ఊళ్ళో దొరల పెళ్ళికి వెట్టిగా కొట్టిన డప్పునే మన పెళ్ళిలో మన కోసం కొట్టుకునేవాళ్ళం, నలుగురు డప్పు కళాకారులకి ఆ రోజు కూలి గిట్టేది. ఇప్పుడు పట్నం నుంచి డీజే బండి వస్తోంది. పెళ్ళి అప్పులో డీజే అప్పు ఒక పద్దు. పెద్దకులపోళ్ళు పెట్టారు గదా మనమెందుకు పెట్టకూడదని కుర్రాళ్ళు అడుగుతారు. పెట్టొద్దని మేమనం, పది గంటలకి ఆపమంటాం. బాలింత ఉన్న ఇంటి ముందు సౌండు తగ్గించమంటాం. ఆ గోడ పక్కన పడుకున్న ముసలమ్మ కూడా మన మనిషే గదా. ఆమె తరఫున ఫాంహౌసు మీద కేసు పెడదామంటున్న మనం, మన సౌండు మీద ఆమె ఫోను చేస్తే ఆమె మీద పడకూడదు.

ఈలోపు చెయ్యాల్సింది

కొత్త నియమం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రాత్రి పది దాటాక సౌండు వస్తే వందకో 112కో ఫోను చెయ్యండి. ఫోను చేసిన టైము ఒక నోటుబుక్కులో రాయండి. బండి వచ్చిన టైము, పోయిన టైము, ఆ తర్వాత సౌండు ఆగిందా లేదా అన్నది కూడా. ఒకరే చెయ్యొద్దు, వాడలో పదిమంది పది ఫోన్లు చెయ్యండి. "నీ పేరేంది" అంటే పేరూ చెప్పండి, అవతలి మనిషి పేరూ అడగండి. నాలుగు వారాలు ఇలా రాసిన నోటుబుక్కు జిరాక్సు తీసి, శబ్ద నియమాల కింద డీఎస్పీకి ఒక అర్జీ ఇవ్వండి. ఆ నియమాల అమలు అధికారం కలెక్టరుకీ, డీఎస్పీకి తగ్గని పోలీసు అధికారికీ ఉంది. రెండో అర్జీ బీఎన్ఎస్ఎస్ 152 కింద న్యూసెన్సు తొలగించమని ఆర్డీవోకి. రెండింటికీ స్టాంపు వేసిన రసీదు తీసుకోకుండా కదలొద్దు. దెబ్బలాట జరిగితే స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. జీపుకి డీజిలు పోయించమని ఎవరైనా అంటే, ఆ మాట అన్న తారీఖు, టైము కూడా అదే నోటుబుక్కులో రాయండి. ఆ నోటుబుక్కులు మండల సంఘం దగ్గరికి చేరిస్తే, ఏ గేటు దగ్గరికి సర్కారు బండి ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు ఊరికే తిరిగొచ్చిందో లెక్క కట్టి కలెక్టరు ముందు పెడదాం.